కుడి చివర పన్నెండు మెట్లు

ఆ మధ్యాహ్నం పిన్ని గోళ్ళు కత్తిరించుకుంది. కిటికీ దగ్గర పాత పేపరు పరుచుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి. పియానో వాయించేవాళ్ళ గోరు మెట్టుకి తగిలితే ఆ చప్పుడు అన్నంలో రాయిలా తగులుతుందని ఆమె ఫిర్యాదు. పని అయ్యాక పేపరు నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. ఐదింటికి రావలసిన పిల్ల కోసం పుస్తకం తెరిచి పియానో మీద పెట్టింది.

"పావుగంట నడుం వాలుస్తానే పిట్టా. టీ పెట్టినప్పుడు లేపు," అంది.

పిట్ట టీ పెట్టింది. లేపింది. పిన్ని లేవలేదు.

గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. బాధ తెలిసి ఉండదని కూడా చెప్పాడు. పిట్టకి మాత్రం మొదట తోచింది వేరు. తన పిలుపు వినపడలేదేమో, ఇంకాస్త గట్టిగా పిలవాలేమో అనుకుంది. ఆరేళ్ళుగా ఆమెలో కాపురం పెట్టిన భయం అది. మనిషి పోయాక కూడా కాసేపు తన పని తాను చేసుకుపోయింది.

పిట్ట ఆమెకి అక్క కూతురు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీలు ఒక వేళాపాళా లేకుండా పడేవి కాబట్టి పిల్లని చెల్లెలి ఇంట్లో వదిలి వెళ్ళేది. మొదట ఒక పూట, తర్వాత ఒక రోజు, తర్వాత వారం. ఆ పిల్ల బట్టలన్నీ పిన్ని బీరువాలోకి ఎప్పుడు చేరాయో ఎవరూ గమనించలేదు. పిన్నికి పెళ్ళి లేదు, పియానో ఉంది. "ఇదీ మొగుడు లాంటిదే. సగం గది ఆక్రమించి కదలకుండా కూర్చుంటుంది. కాకపోతే ముట్టుకుంటేనే నోరు తెరుస్తుంది, అదొక్కటి నయం," అనేది.

ఆమె వాయించేది జాజ్. అదేమిటని ఎవరైనా అడిగితే ఇలా చెప్పేది: "అందరికీ తెలిసిన పాటతో ఇంట్లోంచి బయల్దేరతాం. దారి తప్పుతాం. కావాలనే తప్పుతాం. తప్పిపోయామని వినేవాళ్ళకి కాస్త కంగారు పుట్టాక, వాళ్ళు ఎప్పుడూ చూడని సందులోంచి మళ్ళీ ఇంటి ముందు తేలతాం."

ఆ దారులు ఆమె ఒక హోటల్లో నేర్చుకుంది. తాతది ఆ హోటల్లో దుప్పట్లు ఉతికే గదిలో పని. పన్నెండేళ్ళ పిన్ని ఆయనకి అన్నం కారియరు తీసుకెళ్ళి, సాయంత్రం దాకా ఆయనతో పాటు దుప్పట్లు పిండేది. భోజనాల హాల్లో పొద్దుటి పూట కుర్చీలన్నీ టేబుళ్ళ మీద బోర్లించి ఉండేవి. ఆ కాళ్ళ అడవి మధ్య ఒక ముసలాయన పియానో సాధన చేసుకునేవాడు. కారియరు చల్లారిపోయేదాకా ఆమె తలుపు దగ్గర నిలబడేది. ఒకరోజు ఆయన వెనక్కి తిరక్కుండానే, "లోపలికి రా, తలుపు దగ్గర గాలికి శ్రుతి పాడవుతుంది," అన్నాడు. ఏడేళ్ళ తర్వాత ఆయనకి జబ్బు చేసిన రోజున, ఆయన కోటు తొడుక్కుని, దాని చేతులు మణికట్టు దాకా మడుచుకుని, ఆయన స్టూలు మీద కూర్చుంది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆ స్టూలు దిగలేదు.

ఈ మధ్యలో ఒక సంగతి జరిగింది. పన్నెండేళ్ళప్పుడే ఊళ్ళో సంగీత పాఠశాల ప్రవేశ పరీక్షకి వెళ్ళింది. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. చేతులు చూపించమన్నారు. సబ్బు సోడాకి పగిలి, వేళ్ళ సందుల్లో ఎర్రగా చీరుకుపోయిన చేతులు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "వచ్చే ఏడు రామ్మా," అన్నారు. పియానో మూత తియ్యనే లేదు.

నలభై దాటాక అదే పాఠశాల ఆమెను పాఠాలు చెప్పమని పిలిచింది. జీతం సంగతి మాట్లాడబోతే ఆపి, "నాకొక తెర కావాలి," అంది. అప్పటినుంచి ప్రవేశ పరీక్ష రోజున గదికి అడ్డంగా ముదురాకుపచ్చ తెర పడేది. అటు పియానో, పిల్లలు. ఇటు ఒక కుర్చీ, ఒక నోటు పుస్తకం, పిన్ని. పిల్ల చేతులు కనపడవు, చెప్పులు కనపడవు, ఎవరి తాలూకో కనపడదు. అటు వైపు ఇంకో టీచరు వినిపించిన పాటని ఒకసారి విని, పిల్లలు దాన్ని పియానో మీద వాయించి చూపించాలి. పిన్ని చెవి ఏం చెబితే అదే ఫలితం. ఇరవై రెండేళ్ళు ఆ కుర్చీ ఆమెదే. హోటల్లో చప్పట్లు కొట్టించుకున్న మనిషి వాటి గురించి ఒక్క ముక్క చెప్పేది కాదు కానీ, ఆ కుర్చీ గురించి మాత్రం చెప్పించుకోకుండానే చెప్పేది.

ఇంట్లో పాఠం చెప్పే తీరు కూడా చెవి మీదే నడిచేది. శిష్యుల్ని హాల్లో పియానో ముందు కూర్చోబెట్టి, తాను వంటింట్లో కూరగాయలు తరుక్కునేది. గోడ అవతల నుంచి కేక వచ్చేది.

"ఎడమ చెయ్యి నాలుగో వేలు! నిద్రపోతోందా అది?"

"లేదు టీచర్!"

"మరి చచ్చిపోయిందా? మళ్ళీ మొదట్నుంచి!"

తప్పు పడగానే ఆగిపోయే పిల్లల్ని చూస్తే ఆమెకి ఒళ్ళు మండేది. "ఆగి నాలిక్కరుచుకుంటే ఎలాగే? పొరపాటు వాళ్ళ చెవులు పట్టుకోవు. నీ మొహమే వాళ్ళకి చెప్పేస్తుంది. మొహం కుదురుగా పెట్టుకుని నడిచిపో," అనేది.

పిట్టకి ఆ విద్య రాలేదు. ప్రతి తప్పు దగ్గరా ఆగిపోయేది. మూడేళ్ళు ఓపిక పట్టి పిన్ని ఒకరోజు తన్నుకొస్తున్న నవ్వు ఆపుకుంటూ, "నువ్వు పాట వినట్లేదే తల్లీ, తీగల్ని వింటున్నావు. ఇది వేరే ఉద్యోగం," అంది. పియానోలు శ్రుతి చేసే ఒకాయన దగ్గర పనికి పెట్టింది. అదే పిట్ట వృత్తి అయింది. హోటలు పియానో, పాఠశాల పియానోలు, పిన్ని ఇంటి పియానో, అన్నీ ఆమె చేతి మీదే నడిచేవి.

ఆరేళ్ళ క్రితం ఒక పొరపాటు చేసింది. ఆ పని చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు.

పియానోలో పైస్థాయి మెట్లకి మూడేసి తీగలు ఉంటాయి. ఒకదాన్ని బిగించేటప్పుడు పక్కవి మోగకుండా తీగల మధ్య పొడవాటి ఉన్ని పట్టీ దూర్చి పెడతారు, పని కాగానే లాగేస్తారు. ఆ రోజు పిన్ని పియానో కుడి చివర పన్నెండు మెట్ల తీగలన్నిటినీ నొక్కేలా పట్టీ పెట్టి ఉండగా హోటలు నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఏదో తీగ తెగిందట. పిట్ట మూత మూసి పరుగెత్తింది. పదకొండు రోజుల తర్వాత ఇంకోచోట పనిముట్ల సంచి విప్పితే పట్టీ లేదు. ఎక్కడ ఉందో గుర్తొచ్చి, సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. ఇన్నాళ్ళూ ఆ పన్నెండు మెట్లూ మూగగా ఉండి ఉంటాయి. పిన్ని తిట్టే తిట్లు దారి పొడుగునా మనసులో వింటూ వచ్చింది.

"రావే పిట్టా!" అంది పిన్ని తలుపు తీస్తూనే. "ఈసారి భలే చేశావు. పైస్థాయి ఎంత మెత్తగా పలుకుతోందో!"

పిన్ని లోపలికి వెళ్ళగానే పిట్ట కుడి చివరి మెట్లు నొక్కి చూసింది. చెక్క మీద గోటితో కొట్టినట్టు టక్, టక్. పట్టీ అక్కడే ఉంది. పదకొండు రోజులు పిన్ని ఆ చెక్క చప్పుడు మీద వాయించింది. విననిదాన్ని వేళ్ళ జ్ఞాపకంతో విన్నాననుకుంది.

పిట్ట పట్టీ లాగి సంచిలో వేసుకుంది. చెప్పాలనుకుంది. వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది కూడా.

"ఏమిటే, అలా బిక్కమొహం వేశావు?"

"ఏం లేదు పిన్నీ. ఆకలేస్తోంది."

అక్కడి నుంచి పిట్ట కళ్ళకి అన్నీ కనపడడం మొదలైంది. పాఠం చెప్పేటప్పుడు పిన్ని వంటింట్లోకి వెళ్ళడం మానేసింది. మోకాళ్ళ నొప్పని కుర్చీ తెచ్చి, పిల్లల వేళ్ళు కనపడేలా పియానో పక్కనే వేసుకుంది. చిన్నపిల్లల మాటల అంచులు ఆమెకి అరిగిపోయి వినపడేవి కాబోలు, రెండోసారి చెప్పించుకునేది. శుక్రవారం సాయంత్రాలు చెప్పుల దుకాణం కింది హాల్లో ఆమె వాయిద్యం ఉండేది. అక్కడ చేతులు నెమ్మదిగా, ఏడాదికింత చొప్పున, ఎడమ వైపుకి జరిగాయి. కుడి చివర ఖాళీగా మెరుస్తూ ఉండేది. దాని గురించి పేపర్లో ఒకాయన రాశాడు: వయసు తెచ్చిన నిగ్రహమట, పైస్థాయిని మౌనానికి వదిలేసిన పరిణతి అట. పిన్ని అది చదివి పొట్ట పట్టుకుని నవ్వింది. పిట్టకి నవ్వు రాలేదు. నవ్వుతున్న మొహం వైపు చూసి, ఈవిడకి తెలుసా, తెలియదా అనుకుంది.

అడిగితే తేలిపోయేది. కానీ అడిగితే తెర వెనక కుర్చీ పోతుంది. అడగకపోతే, ఏదో ఒక ఏడు ఒక పిల్ల ఆ కుడి చివర సరిగ్గా వాయించిందో తప్పు వాయించిందో పిన్నికి వినపడదు. ఇంకొక పన్నెండేళ్ళ పిల్ల "వచ్చే ఏడు రామ్మా" అనిపించుకుని ఇంటికి వెళ్తుంది. పిన్ని తన చేతులతో తెర కట్టింది ఏది జరగకూడదని? ఈ రెండిటి మధ్యా పిట్టకి కంటి మీద కునుకు ఉండేది కాదు.

చివరికి తన వృత్తికి తెలిసిన అబద్ధం ఒకటి ఎంచుకుంది. పరీక్షకి వారం ముందు పాఠశాల పియానో శ్రుతి చేయడానికి వెళ్ళి, "మేడమ్, పైన పన్నెండు మెట్ల తీగలకి తుప్పు పట్టింది. తెగితే కళ్ళలో గుచ్చుకుంటాయి. ఆ రోజు పిల్లల్ని అటు వెళ్ళనివ్వకండి," అంది ప్రిన్సిపాల్‌తో. ఆవిడ భయపడి ఆ మెట్ల మీద కాగితం అంటించింది. ఆ ఏడు గడిచింది. రెండో ఏడు మేకులు వదులయ్యాయంది. మూడో ఏడు చెమ్మ. నాలుగో ఏడు సుత్తుల మీద ఉన్ని అరిగిపోయిందంది. ప్రతి పరీక్ష రోజూ ఆ గది బయట బెంచీ మీద కూర్చుని, తెర అవతల నుంచి వచ్చే ప్రతి స్వరం పిన్ని తరఫున తాను వినేది. సాయంత్రం పిన్ని నోటు పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వచ్చి, "ఒక పిల్ల ఉందే, ఏం చెవి!" అన్నప్పుడు మాత్రమే ఆమెకి ప్రాణం లేచొచ్చేది.

ఐదో ఏడు ప్రిన్సిపాల్ ఎదురొచ్చి నవ్వింది. "ఏటేటా నీ గోల భరించలేక కొత్త పియానో తెప్పించానమ్మా. తుప్పూ లేదు, చెమ్మా లేదు. ఈసారి పిల్లలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆడుకోవచ్చు."

పరీక్ష ఇంకా పద్నాలుగు రోజులుంది.

ఆ శుక్రవారం హాలుకి వెళ్ళింది. బేస్ గిటారు వాయించే ఆయన పిన్నికి ముప్ఫై ఏళ్ళ జోడీ, పిట్టకి చిన్నప్పటి నుంచి బాబాయి. రెండో పాట పిన్ని ఎప్పుడూ ఒంటరిగా వాయించేది. అంతసేపూ బాబాయి హాలు అటు చివర టీ కౌంటరు దగ్గర నిలబడేవాడు. పిట్ట ఆయన్ని అక్కడ పట్టుకుంది. గ్లాసుల చప్పుడు, జనం గోల. పైగా ఏళ్ళ తరబడి డ్రమ్ములు పక్కన మోగి ఆయనకీ ఒక చెవి మందమే. ఒక్కొక్క మాటా నోరు పెద్దది చేసి, విడమరిచి చెప్పవలసి వచ్చింది.

"బాబాయ్, పిన్నికి చెవులు పోతున్నాయి."

"ఎవరు పోయారూ?"

"పిన్నికి! చెవులు! పైస్థాయి వినపడట్లేదు. ఐదేళ్ళ నుంచీ."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఇంక ఆవిడ ఆ తెర వెనక కూర్చోకూడదు. పిల్లలకి అన్యాయం జరుగుతుంది. నేను చెప్పలేను. నువ్వు చెప్పు. నీ మాటయితే వింటుంది."

"నేనా? నువ్వు కడుపున పుట్టినదానికంటే ఎక్కువ. నువ్వే చెప్పలేకపోతే, నా మాట ఏం వింటుంది? ముప్ఫై ఏళ్ళుగా నెమ్మదిగా వాయించమని చెబుతున్నా, విందా?"

పిన్ని వాయించేటప్పుడు మెట్ల వైపు చూసే అలవాటు లేదు. హాలు వైపే చూసేది. ఆ సాయంత్రం కూడా కౌంటరు మీది పసుపు దీపం వైపు, వాళ్ళిద్దరి వైపు చూస్తూ వాయిస్తోంది. పిట్ట చెయ్యి ఊపింది. ఇంత దూరానికి ఏమీ వినపడదని ధైర్యం. పాటలో ఒకచోట పిన్ని కుడి చెయ్యి గాలిలో ఆగింది. నాలుగు లెక్కల సేపు హాలంతా ఊపిరి బిగపట్టింది. తర్వాత ఆ చెయ్యి ఎడమ చెయ్యి పక్కకి దిగింది, పాట ఇల్లు చేరింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పిన్ని మొహం కుదురుగానే ఉంది.

సోమవారం పిన్ని పాఠశాలకి వెళ్ళి వచ్చి చెప్పులు విప్పుతూ, "ఈ ఏటి నుంచి పరీక్ష నావల్ల కాదని చెప్పేశానే. మూడు గంటలు కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేస్తోంది," అంది.

పిట్ట గుండెల మీది బరువు ఒక్కసారిగా దిగిపోయింది. సంతోషం దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. తర్వాత బాబాయికి ఫోను చేసి, "భలే చెప్పావు బాబాయ్," అంటే ఆయన తెల్లబోయాడు. "నేనింకా నోరే తెరవలేదే. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నా." అయితే నిజంగానే నడుమే అన్నమాట, అనుకుంది పిట్ట. అదృష్టం అనుకుంది. పరీక్ష రోజు కొత్త టీచరు తెర వెనక కూర్చుంది. ఆ పూట పిన్ని ఇంట్లోనే ఉండి, పుస్తకాల అర ఖాళీ చేసి, తుడిచి, మళ్ళీ అలాగే సర్దింది. ఆ తర్వాత పాఠశాల వైపు వెళ్ళే బస్సు ఎక్కలేదు. ఇంటికి వచ్చే పిల్లలు తగ్గితే కొత్తవాళ్ళని చేర్చుకోలేదు. "అలసట," అంది. పిట్ట నమ్మింది. ఎనిమిది నెలలు ఇద్దరూ ప్రశాంతంగా ఉన్నట్టే ఉన్నారు. ఆ గోళ్ళు కత్తిరించుకున్న మధ్యాహ్నం దాకా.

పిన్ని పోయిన మూడో వారంలో ఒకామె పలకరించడానికి వచ్చింది. అరవై దాటినావిడ, రిటైరైన టైపిస్టు. ఎప్పుడూ చూసిన మొహం కాదు. మాట్లాడేవాళ్ళ కళ్ళలోకి కాకుండా మూతి వైపు చూస్తోంది. పిట్ట టీ ఇచ్చింది.

"మేమిద్దరం ఒకే క్లాసమ్మా," అంది ఆమె. "మంగళవారాలు, గ్రంథాలయం పైగదిలో. పెదాల కదలిక చూసి మాట తెలుసుకోవడం నేర్పుతారు, మాలాంటి చెవిటివాళ్ళకి. నాలుగేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం. నీకు చెప్పలేదా?"

"మంగళవారాలు... కూరగాయలకి వెళ్తున్నానని చెప్పేది."

"వచ్చేటప్పుడు కొనుక్కునేదిలే. చెవుల సంగతి నీకు తెలిస్తే కంగారు పడతావని దాచానని చెప్పేది. గట్టి మనిషి. ఆ పరీక్ష గురించి కూడా ఎంత ఆలోచించేదో! పిల్లలకి ఇచ్చే పాటలన్నీ కింది స్థాయికి దించి, తిరగరాసి పెట్టుకుంది. తనకి స్పష్టంగా వినపడే చోటే నడిచేలా. డాక్టరుకి చెవులు ఏటేటా చూపించుకునేది. ఇంకో మూడేళ్ళు హాయిగా కూర్చోగలనని లెక్క వేసింది. మరి ఉన్నట్టుండి ఎందుకు మానేసిందమ్మా?"

"నడుం నొప్పి అంది," అంది పిట్ట.

"నాకూ అదే చెప్పింది." ఆమె గ్లాసు కింద పెట్టి, పిట్ట మొహం వైపు కాసేపు చూసి మెచ్చుకోలుగా తల ఊపింది. "నీ గురించి మాత్రం మీ పిన్ని నిజమే చెప్పింది. నీ పెదాలు అచ్చు పుస్తకంలా ఉన్నాయి. క్లాసులో ఎవరి మాట తేలిగ్గా అందుతుందని అడిగితే, ఎప్పుడూ నీ పేరే చెప్పేది. హాలు అటు చివర నిలబడి మాట్లాడినా మా పిట్ట మాట ఒక్క అక్షరం పోదు నాకు, అనేది."